రోజుకో చిన్న అడుగు సరే, ఎలాంటి అడుగు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఉద్యోగం చేసుకుంటూనే లాప్‌టాప్ బ్యాగులు కుట్టించి అమ్మే వ్యాపారం మొదలుపెట్టారు. మొదట్లో రాత్రి నిద్ర పట్టనంత హుషారు. నాలుగు నెలలయ్యేసరికి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ పని ముందు కూర్చోవాలంటేనే మనసు రావడం లేదు. "రోజుకో చిన్న అడుగు వేస్తే మోటివేషన్ దానంతటదే వస్తుందన్నారు, రోజూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను, అయినా నీరసమే పెరుగుతోంది, నాకు పట్టుదల లేదా" అని అడిగారు. చివర్లో, ఉద్యోగం మానేసి పూర్తిగా దీని మీదే కూర్చుంటే మారుతుందేమో అని కూడా రాశారు.

పట్టుదల సంగతి ముందు చెప్పేస్తాను. అది లేనివాళ్లు నాలుగు నెలల పాటు ఆఫీసు అయ్యాక రోజూ కూర్చోరు, మొదటి రెండు వారాల్లోనే వదిలేస్తారు. కాబట్టి ఆ అనుమానం పక్కన పెట్టండి. మీరు ఇన్నాళ్లూ చేసిన పనులంటూ రాసిన జాబితా మళ్లీ ఒకసారి చదవండి: పేరు ఖాయం చేయడం, లోగో మూడుసార్లు మార్చడం, పేజీకి రంగులు ఎంచుకోవడం, మార్కెటింగ్ గురించి వీడియో పాఠాలు చూడడం, ఐదేళ్ల లాభాల ఎక్సెల్ షీట్, పోటీ కంపెనీల ధరల పట్టిక. అన్నీ చిన్న అడుగులే, అన్నీ నిజంగానే చేశారు. మరి వీటిలో ఒక్కటైనా బయటి మనిషి దాకా వెళ్లిందా? ఒక్కదానికైనా ఎవరైనా "నాకు కావాలి" అనో, "వద్దు" అనో, "ఛార్జర్ పెట్టుకోవడానికి చోటు లేకపోతే నాకెందుకు" అనో అన్నారా?

అనలేదు. మీ నీరసానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. నేను చాలా ఏళ్లుగా సొంత వ్యాపారం నడుపుతూ, కొత్తగా మొదలుపెట్టేవాళ్లతో కూర్చుని వాళ్ల లెక్కలు, ప్లాన్లు చూస్తున్నాను. మధ్యలో చల్లారిపోయినవాళ్లలో బద్ధకస్తులు తక్కువ, బాగా కష్టపడినవాళ్లే ఎక్కువ. కష్టపడ్డారు కానీ ఆ కష్టానికి ఏ వైపు నుంచీ జవాబు రాలేదు. రోజూ ఒక అడుగు వేసినా ఎక్కడికి చేరామో తెలియకపోతే మనసు కొన్నాళ్లకు లెక్కపెట్టడం మానేస్తుంది. చిన్న అడుగుకు బలం వచ్చేది దానికి తిరుగు జవాబు ఉన్నప్పుడే. మీరు మార్చుకోవలసింది అడుగు సైజు కంటే ముందు అడుగు రకాన్ని.

ఇది నా ఒక్కడి అనుభవం మీద చెప్తున్న మాట కాదు. తెరెసా అమబిలే, స్టీవెన్ క్రేమర్ అనే ఇద్దరు పరిశోధకులు 7 కంపెనీల్లో 238 మంది ఉద్యోగుల చేత రోజూ పని అయ్యాక డైరీ రాయించారు. దాదాపు 12,000 రోజుల డైరీలు పోగయ్యాయి. ఏ రోజున మనుషులు హుషారుగా, ఇష్టంగా పనిచేశారు, ఆ రోజు ఏం జరిగింది అని వెతికితే, మిగతా అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన సంగతి ఒకటే: తమకు విలువైనదనిపించే పనిలో ఎంతో కొంత ముందుకు కదలడం. పెద్ద విజయమే కానక్కర్లేదు, చిన్న కదలిక చాలు. అదే డైరీల్లో ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. పని వెనక్కి వెళ్లిన రోజు మనసు మీద పడే దెబ్బ, ముందుకు వెళ్లిన రోజు వచ్చే ఆనందం కంటే బలమైనది. అంటే ఒక్క చెడ్డ రోజును మర్చిపోవాలంటే చాలా మంచి రోజులు కావాలి. కొత్త వ్యాపారంలో చెడ్డ రోజులు ఎలాగూ వస్తాయి కాబట్టి మంచి రోజులను మనమే ఏర్పాటు చేసుకోవాలి.

ఉద్యోగంలో ఈ ఏర్పాటు మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. మేనేజర్ ఉంటాడు, గడువు ఉంటుంది, నెలాఖరుకి జీతం పడుతుంది, పని తప్పయితే ఎవరో ఒకరు చెప్తారు. మనకు తెలియకుండానే రోజంతా జవాబులు అందుతూ ఉంటాయి. సొంత వ్యాపారం మొదలుపెట్టిన మనిషికి ఇవేవీ ఉండవు. రాత్రి పది దాకా పనిచేసినా "సరే, ఇంత అయింది" అనేవాళ్లు లేరు, మానేసినా అడిగేవాళ్లు లేరు. ఈ నిశ్శబ్దమే మొదటి ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన విషయం, డబ్బు కొరత కంటే కూడా. కనీసం నేను చూసినవాళ్ల విషయంలో అంతే.

ఇక అడుగు ఎలా ఉండాలో చూద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు పనంతా ఇక్కడే ఉంది.

"మార్కెటింగ్ చేయాలి" అనేది అడుగు కాదు, అదొక శాఖ పేరు. సాయంత్రం ఏడింటికి అలసిపోయి వచ్చిన మనిషి ఆ మాట చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఫోన్ తీస్తాడు. "ఈ నెల పది ఆర్డర్లు తేవాలి" కూడా అడుగు కాదు, అది ఫలితం, పైగా అవతలివాళ్ల చేతిలో ఉన్నది. మీరు బంగారం లాంటి పని చేసిన రోజున కూడా ఆర్డర్ రాకపోవచ్చు, అప్పుడు మీ లెక్కలో ఆ రోజు సున్నా అవుతుంది. అడుగంటే ఇలా ఉండాలి: "రోజూ లాప్‌టాప్ మోసుకెళ్లే ఇద్దరికి ఫోన్ చేసి, ఇప్పుడు వాడుతున్న బ్యాగులో ఏది ముందు పాడైందో అడగాలి." ఎవరితో, ఏం చేయాలి, ఎప్పుడు అయిపోయినట్టు, మూడూ అందులోనే ఉన్నాయి. చేయడం పూర్తిగా మీ చేతిలో ఉంది. జవాబు మాత్రం బయటి నుంచి వస్తుంది. ఈ రెండూ కలిసిన పని దొరికితే దాన్ని వదలకండి.

ఈ లెక్కన మీ జాబితాను తిరగరాద్దాం. లోగో గురించి ఇంకో వారం ఆలోచించే బదులు, ఉన్న నమూనా బ్యాగునే ఒక తెలిసినవాళ్లకు వారం రోజులు వాడమని ఇచ్చి తీసుకోండి. ఐదేళ్ల షీట్ బదులు ఒక్క బ్యాగు లెక్క వేయండి: బట్ట, లైనింగ్, జిప్, పట్టీలు, కుట్టుకూలి, ప్యాకింగ్, పంపడానికయ్యే ఖర్చు, అన్నీ పోను ఏం మిగులుతుంది. ఈ లెక్క ఒక సాయంత్రంలో అయిపోతుంది, దాని జవాబు ఆ రాత్రే మీ ముందుంటుంది, ఆ జవాబు చేదుగా ఉన్నా సరే ఐదేళ్ల షీట్ కంటే లక్ష రెట్లు పనికొస్తుంది. వీడియో పాఠాలు మానమనను, కానీ ఒకటి చూసిన రోజున అందులోది ఒక్క ముక్క ఎవరో ఒకరి మీద ప్రయోగించాకే రెండోది చూడండి.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. "ఈ బ్యాగు ఎలా ఉంది?" అని తెలిసినవాళ్లను అడిగితే అందరూ బాగుందనే అంటారు, మీ మీద ప్రేమతో. "ఇది అమ్మితే కొంటారా?" అంటే తప్పకుండా అంటారు. ఆ మాటలు నమ్ముకుని బట్ట కొనకండి. వాళ్లు ఇప్పటికే చేసినదాని గురించి అడగండి. చివరిసారి బ్యాగు ఎప్పుడు కొన్నారు, ఎందుకు మార్చాల్సి వచ్చింది, కొనేముందు ఎన్ని చూశారు, వాటిలో ఏది ఎందుకు వద్దనుకున్నారు, ఒకసారి ఆ పాతది చూపిస్తారా. జరిగిపోయిన విషయంలో మొహమాటానికి చోటు తక్కువ. అన్నిటికంటే నికార్సయిన జవాబు ముందస్తుగా కొంత డబ్బు కట్టి ఆర్డర్ పెట్టడం, ఆ మాట అడగడానికి మీకు ఎంత సిగ్గేసినా.

సైజు గురించి కూడా ఒక పాత ప్రయోగం చెప్పాలి. 1981లో ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కలంటే ఆసక్తి లేని, వెనకబడిన పిల్లలకు ఒకే లెక్కల పుస్తకం ఇచ్చారు. ఒక గుంపుకి రోజుకు ఆరు పేజీలు చేయమన్నారు. ఇంకో గుంపుకి ఏడు రోజుల చివరికి మొత్తం 42 పేజీలు పూర్తి చేయమన్నారు. మూడో గుంపుకి ఏ లక్ష్యమూ చెప్పలేదు, వీలైనన్ని చేయమన్నారు. పని లెక్కన చూస్తే మొదటి రెండూ ఒకటే, ఆరేడులు నలభై రెండు. కానీ రోజుకు ఆరు పేజీలన్న పిల్లలే బాగా నేర్చుకున్నారు, తమ మీద నమ్మకం పెంచుకున్నారు, ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే లెక్కలు చేయడానికి ఇష్టం చూపించారు. ఆ చివరి ముక్క నాకు చాలా విలువైనదనిపిస్తుంది. ఇష్టం ముందుండి పని చేయలేదు వాళ్లు. పని రోజూ పూర్తవుతుంటే ఇష్టం తర్వాత పుట్టింది. మీరు పోయిన ఇష్టం ముందు తిరిగొస్తేనే పని సాగుతుందనుకుంటున్నారేమో, అందుకని చెప్తున్నాను.

మీరు అనుకున్నదానికంటే చిన్నదిగా పెట్టుకోండి. మన పనికి ఎంతసేపు పడుతుందో అంచనా వేయడంలో మనమందరం పొరపాటు పడతాం. 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో, డిగ్రీ చివర థీసిస్ రాస్తున్న విద్యార్థుల అంచనా సగటున 34 రోజులు, నిజంగా పట్టింది 55 రోజులు పైనే. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు పడుతుందని అడిగితే చెప్పిన అంచనా కూడా 49 రోజుల లోపే ఉంది. కాబట్టి ఆఫీసు అయ్యాక గంట ఖాళీ దొరుకుతుందనుకుంటే అరగంట పని మాత్రమే రాసుకోండి. మిగిలితే ఇంకోటి చేస్తారు, అది బోనస్. గంట పని రాసుకుని సగంలో ఆపేస్తే రోజూ ఓడిపోయిన భావనతో పడుకుంటారు. నిజానికి చేసిన పని రెండు చోట్లా ఒకటే!

ఎప్పుడు చేయాలనేది కూడా రాసిపెట్టుకోండి, "సాయంత్రం చేస్తాను" అని కాకుండా ఏ సంఘటన తర్వాతో చెప్తూ. "ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోగానే, టీవీ గదిలోకి వెళ్లకముందే, టేబుల్ దగ్గర కూర్చుని మొదటి ఫోన్ చేస్తాను" అని. పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీని మీదే పనిచేశాడు. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే ముడి వేసుకున్నవాళ్లు, ఉత్త సంకల్పం చెప్పుకున్నవాళ్ల కంటే చెప్పుకోదగ్గ తేడాతో ఎక్కువగా పని పూర్తి చేస్తారని, 2006లో ఆయనా పాస్కల్ షీరన్ కలిసి 94 పరిశోధనల ఫలితాలను ఒకచోట పెట్టి చూపించారు. అలసిపోయిన బుర్రకు "ఇప్పుడు చేయనా, కాసేపాగి చేయనా" అనే బేరం మిగలకపోవడమే ఇందులో లాభం. అడ్డంకికీ ఇలాంటి ముడి వేయొచ్చు: "ఫోన్ ఎత్తకపోతే, చిన్న మెసేజ్ పెట్టి జాబితాలో తర్వాతి పేరుకి చేస్తాను."

రాత్రి పడుకున్నాక వ్యాపారం గురించిన ఆలోచనలు తిరుగుతూనే ఉంటున్నాయని, దానివల్ల ఆఫీసులో కూడా టెన్షన్‌గా ఉంటోందని రాశారు. దానికి మందు ఇక్కడే ఉంది. పూర్తికాని పని మనసులో గుచ్చుకుంటూ ఉంటుంది, అది సహజం. అయితే దాన్ని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా రాసి పెట్టుకుంటే ఆ గుచ్చుకోవడం చాలావరకు ఆగిపోతుందని మాసికాంపో, బామైస్టర్ అనే పరిశోధకులు 2011లో ప్రయోగాలు చేసి చూపారు. అందుకే లేచేముందు రెండు నిమిషాలు కేటాయించి, రేపటి మొదటి పని ఒక్క వాక్యంలో రాసి టేబుల్ మీద పెట్టి లేవండి. రేపు సాయంత్రం వచ్చేసరికి ఆలోచించే పని ఉండదు, చేసే పనే ఉంటుంది.

ఒక రోజు తప్పితే ఏమిటని అడుగుతారు. ఏమీ కాదు. 21 రోజులు వరసగా చేస్తే అలవాటైపోతుందని ఎక్కడ చూసినా రాస్తుంటారు, ఆ లెక్క 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లను చూసి రాసిన మాట నుంచి పాకింది, అదీ ఆయన కనీసం అన్నది జనం కచ్చితంగా అని చేసేశారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి చూస్తే, ఒక పని ఆలోచించకుండా చేసేంత అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పోయింది, 12 వారాలు దాటిన అంకెలు అప్పటిదాకా చూసినదాన్ని బట్టి వేసిన అంచనాలు. మధ్యలో ఒక్క రోజు మానేసినా అలవాటు పడే తీరులో పెద్ద తేడా రాలేదు. అసలు ప్రమాదం తప్పిన ఆ రోజులో లేదు, "వరస తెగిపోయింది కదా, ఇంక వచ్చే నెల ఒకటో తారీకు నుంచి చూద్దాం" అనుకోవడంలో ఉంది. గొలుసు తెగకుండా క్యాలెండర్‌లో టిక్కులు పెట్టే పద్ధతి కొందరికి బాగా పనిచేస్తుంది, కానీ ఒక్క ఖాళీ గడి చూసి మొత్తం వదిలేసేవాళ్లకు అదే ఉరి అవుతుంది. మీరు రాసిన తీరు చూస్తే మీరు రెండో రకమనిపిస్తోంది, అందుకని టిక్కుల జోలికి పోకండి. వారానికి నాలుగు రోజులు అని పెట్టుకోండి, ఏ నాలుగైనా సరే.

ఇంకో మాట. అలవాటు చేసుకోవలసింది కూర్చోవడాన్ని మాత్రమే. లాలీ పరిశోధనలో మనుషులు అలవాటు చేసుకున్నవి నీళ్లు తాగడం, కాసేపు నడవడం లాంటి సాదా పనులు. తెలియని మనిషికి ఫోన్ చేసి డబ్బు అడగడం ఎన్నేళ్లయినా అలవాటు కాదు, నాకు ఈ రోజుకీ ఆ ఫోన్‌కి ముందు గుండె కొంచెం గట్టిగానే కొట్టుకుంటుంది. అది కొట్టుకోవడం ఆగేదాకా ఎదురుచూడొద్దు. టేబుల్ దగ్గరికి రావడం అలవాటైతే చాలు, ఆ తర్వాతి పని భయంతోనే చేసేయొచ్చు.

చేసినదాన్ని రాయడం గురించి. ఒక మామూలు నోట్‌బుక్ తీసుకుని పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు ఈ రోజు ఏం చేశాను, కుడివైపు ఏం తెలిసింది. అంతే, యాప్‌లు అక్కర్లేదు. ఎడమవైపు "ముగ్గురికి నమూనా చూపించాను." కుడివైపు "ఇద్దరు మొదట బరువు ఎంతని అడిగారు, రంగు గురించి ఎవరూ అడగలేదు." ఇలా నెల రోజులు రాశాక కుడివైపు వరసను మాత్రమే చదవండి. అక్కడ ఒక్క ఆర్డర్ కూడా లేకపోవచ్చు, అయినా నెల కిందట మీకు తెలియని విషయాలు ఎన్నో అక్కడ ఉంటాయి. ముందుకు కదలడమంటే మొదటి రోజుల్లో ఇదే, వేరే ఏదీ ఉండదు. వరసగా వారం రోజులు కుడివైపు ఖాళీగా ఉందంటే మాత్రం మీరు మళ్లీ లోగో దగ్గరికి వెళ్లిపోయారని అర్థం!

"వద్దు" అన్న జవాబులను కూడా ఆ కుడివైపే రాయాలి, చాలామంది అవి రాయరు. జేమ్స్ డైసన్ అనే బ్రిటిష్ ఆవిష్కర్త సంచి లేని వాక్యూమ్ క్లీనర్ తయారు చేయడానికి 5,127 నమూనాలు చేశాడు, దాదాపు ఐదేళ్లు పట్టింది. ఈ అంకె చెప్పి అందరూ పట్టుదల గురించి మాట్లాడతారు. నాకు అందులో ఆసక్తిగా అనిపించేది ఆయన పద్ధతి: ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం. నమూనా విఫలమైనా ఎందుకు విఫలమైందో తెలిసేది, తర్వాతిదానికి ఏం చేయాలో తెలిసేది. అన్నీ ఒకేసారి మార్చేసి ఉంటే ఆ వేలల్లో ఒక్కటీ ఏమీ చెప్పేది కాదు, అప్పుడు ఎంతటి మనిషైనా యాభైకే అలసిపోయేవాడు. మీరు కూడా ధర, ఫొటో, వివరణ, మూడూ ఒకే వారం మార్చకండి. ఈ వారం ధర ముట్టుకోకుండా ఫొటో ఒక్కటే మార్చి, ఎంతమంది అడుగుతున్నారో చూడండి. "ఏం చేసినా ఫలితం లేదు" అనే మాట నోట్లోంచి వచ్చేది సాధారణంగా అన్నీ కలిపి మార్చేసి ఏది పనిచేసిందో తెలియనప్పుడే.

చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాలా వద్దా అన్నదానికి నా సలహా కొంచెం విడ్డూరంగా ఉంటుంది. నేను వ్యాపారవేత్తను అవుతున్నానని అందరికీ ప్రకటించకండి. గాల్విట్జర్ 2009లో చేసిన కొన్ని ప్రయోగాల్లో, ఫలానా మనిషిగా ఎదగాలన్న తమ సంకల్పాన్ని ఇంకొకరు గుర్తించాక, ఆ సంకల్పం కోసం మనుషులు తక్కువ కష్టపడ్డారు. అవతలివాళ్లు "అబ్బో" అనగానే సగం అయిపోయినట్టు మనసుకు అనిపిస్తుంది కాబోలు. దానికి బదులు ఒక్క మనిషిని ఎంచుకోండి, వారానికోసారి ఆ మనిషికి మీ నోట్‌బుక్ రెండు వరసలూ చదివి వినిపించండి. పొగిడే మనిషి వద్దు, భయపెట్టే మనిషీ వద్దు. "పోయిన వారం ముగ్గురిని అడుగుతానన్నావు, అడిగావా?" అని మాత్రం అడిగే మనిషి కావాలి. మీతో పాటే ఏదో మొదలుపెట్టినవాళ్లయితే ఇంకా మంచిది, మీరూ వాళ్లని అడగొచ్చు.

ఇతరుల విజయాల వీడియోలు చూసి కుంగిపోతున్నానన్నారు. చూడకండి, కనీసం పని ముందు చూడకండి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

"మోటివేషన్ లేదు" అని మనం ఒకే మాట అంటాం కానీ దాని వెనక నాలుగు వేర్వేరు విషయాలు ఉంటాయి, ఒక్కోదానికి మందు వేరు. ఒకటి ఉత్త అలసట. నిద్ర చాలకపోతే ఏ పద్ధతీ పనిచేయదు, ఆ రోజు పడుకోవడమే సరైన పని. రెండోది, తర్వాత ఏం చేయాలో స్పష్టంగా లేకపోవడం. ఇది చూడడానికి అచ్చం బద్ధకంలా ఉంటుంది, కానీ అడుగును ఒక వాక్యంలో రాయగానే మాయమవుతుంది. మూడోది భయం. జాబితాలో ఒకే పని వారాల తరబడి కిందికి జరుగుతూ పోతుంటే, ముఖ్యంగా అది ఎవరినైనా అడగవలసిన పని అయితే, అది భయమే. దాన్ని తగ్గించండి: డబ్బు అడగడం భయమైతే ముందు వాళ్ల పాత బ్యాగు గురించి మాత్రం అడగండి, అదీ భయమైతే ఎవరిని అడగాలో ఐదు పేర్లు రాయండి, ఆ రోజుకి అంతే. నాలుగోది, అసలు ఈ వ్యాపారమే మీకు ఇష్టం లేకపోవడం. అది సిగ్గుపడవలసిన విషయం కాదు, కానీ మొదటి మూడూ తీసేశాక గానీ అది నాలుగోదని తేల్చుకోకూడదు. చాలామంది అలసటనో భయాన్నో చూసి "ఇది నాకు సరిపడదు" అని తీర్పు ఇచ్చేసుకుంటారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక్కడే చిన్న అడుగుల పద్ధతిలో ఉన్న ఒక ప్రమాదం కూడా చెప్పాలి. ఎవరికీ అక్కర్లేని వస్తువు మీద కూడా మనిషి రోజుకో చిన్న అడుగు వేస్తూ రెండేళ్లు గడిపేయగలడు. ఇంత చేశాం కదా అన్న మమకారం పెరుగుతుంది, వదలడం ఇంకా కష్టమవుతుంది. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం అక్కడ కొత్తగా మొదలైన వ్యాపారాల్లో దాదాపు ఐదోవంతు మొదటి ఏడాదిలోనే, దాదాపు సగం ఐదేళ్లలో మూతపడతాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మూసేయడం, మార్చడం కూడా ఈ పనిలో మామూలు భాగమేనని తెలిస్తే మీ భుజాల మీద బరువు తగ్గుతుంది. అందుకే మనసు నిబ్బరంగా ఉన్న రోజున, ఇప్పుడే, ఒక షరతు రాసిపెట్టుకోండి: "ఇంతమందికి నమూనా చూపించి, ముందస్తు డబ్బు అడిగి, అందులో ఇంతమంది కూడా ఇవ్వకపోతే ఈ మోడల్ ఆపి వేరేది చూస్తాను." ఆ అంకె మీరే పెట్టుకోండి. ఒక చెడ్డ సాయంత్రం "వదిలేద్దాం" అనిపించినప్పుడు ఆ షరతు తీసి చూడండి. అది ఇంకా రాలేదంటే ఆ రోజు నిర్ణయం తీసుకోవలసిన పని లేదు, పడుకోండి. వచ్చిందంటే నిజాయితీగా ఆపండి, కుడివైపు వరసలో నేర్చుకున్నదంతా తర్వాతిదానికి పనికొస్తుంది.

చివరగా ఉద్యోగం మానడం గురించి. ఇప్పుడు మానొద్దు. పూర్తిగా దూకేస్తేనే కసి వస్తుందని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే ఇద్దరు 2014లో అచ్చయిన పరిశోధనలో అమెరికాలో వ్యాపారం మొదలుపెట్టినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన వివరాలు తీసి చూశారు. ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి వచ్చినవాళ్ల వ్యాపారాలు మూతపడే అవకాశం, ఉద్యోగం మానేసి ఒక్కసారిగా దూకినవాళ్లతో పోలిస్తే 33 శాతం తక్కువగా ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. చేస్తూ నేర్చుకోవడానికి టైమ్ దొరుకుతుంది, పనికిరాని ఆలోచనను తక్కువ నష్టంతో వదిలేయొచ్చు. పైగా నెలాఖరు ఖర్చుల టెన్షన్ నెత్తి మీద ఉన్నప్పుడు "వద్దు" అన్న ప్రతి మాటా ప్రాణం మీదికి వచ్చినట్టు ఉంటుంది, అందులోంచి ఏమీ నేర్చుకోలేం. మీ సమస్య టైమ్ తక్కువ కావడం కూడా కాదు. ఇప్పుడున్న రోజుకో గంటలో బయటివాళ్లతో మాట్లాడనివాళ్లు, రోజుకు పది గంటలు దొరికితే పది గంటలూ లోగోకే పెడతారు.

మానాలనుకుంటే మూడు విషయాలు కుదరాలి. మీకు తెలియనివాళ్లు, అంటే స్నేహితులు బంధువులు కానివాళ్లు, డబ్బిచ్చి కొంటూ ఉండాలి, అందులో కొందరు రెండోసారి రావాలి. ఒక బ్యాగు మీద అన్నీ పోను మిగిలేది మీ సమయానికి కూడా కూలి కట్టేంత ఉండాలి. ఏ ఆదాయం లేకపోయినా కనీసం ఆరు నెలలు ఇల్లు నడిచే డబ్బు విడిగా ఉండాలి. మూడూ కుదిరాక కూడా వెంటనే రాజీనామా రాయకండి. వీలైతే రెండు మూడు వారాలు సెలవు పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ పని ఒక్కటే చేసి చూడండి, ఆ రోజులకూ రెండు వరసలు రాయండి. రాజీనామా సంగతి ఆ పేజీలు చూసుకుని నిర్ణయించుకోవచ్చు.